చిన్నమ్మ చేతి చారు

మా చిన్నప్పుడు... చిన్నమ్మ చారు కాస్తుంటే నాయనమ్మ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టేది. "చేతులు చూడు బిడ్డా... ఏం కలుపుతదో చూడు" అని చెవిలో చెప్పేది.

ఏన్కూరు దగ్గర, అడవి అంచున మా ఊరు. మా బాబాయిది మంచి గొంతు. శనివారం భజన కోసం కీర్తనలు నేర్చుకునేవాడు. పెళ్లయ్యాక ఏమైందో... మధిరలో అత్తగారింటికి వెళ్లి వచ్చాడంటే చాలు, నేర్చుకున్నదంతా మరిచిపోయేవాడు. మాట తడబడేది. ఇంటి దారి కూడా తెలిసేది కాదు.

కోడలు అన్నంలో మందు పెట్టిందని ఊరంతా గుసగుసలు.

నేను చూసినన్నాళ్లూ చింతపండు, ఉప్పు, ఇంగువ... అంతే. కాకపోతే వండేటప్పుడు ఆమె పెదాలు కదిలేవి. నాయనమ్మకు అదీ అనుమానమే.

"ఏందే ఆ గొణుగుడు?"

"రామయ్యను తలుచుకుంటున్న అత్తమ్మా."

"రామయ్యకు వినబడితే సరిపోతదా... మాగ్గూడ వినబడాలె."

చివరికి బాబాయికి తానే వండి పెట్టడం మొదలుపెట్టింది నాయనమ్మ. మందు విరగాలంటే ఒంట్లో బలం ఉండాలని రోజూ నాటుకోడి పులుసు, ముద్దపప్పు, సున్నుండలు... తన చేత్తోనే తినిపించింది. బాబాయి ఇంకా అయోమయమైపోయాడు. ఒకరోజు నన్ను చూసి "ఎవరి పిల్లవే?" అన్నాడు.

మందు అంత గట్టిదన్నారు అందరూ. చిన్నమ్మను పుట్టింటికి పంపేశారు.

తర్వాత బాబాయికి వాంతులు పట్టుకున్నాయి. ఏదీ ఇమడక కొన్నాళ్లు గంజి మీదే ఉన్నాడు... మెల్లగా తల తేటపడింది. ఎవరికీ చెప్పకుండా మధిర బస్సెక్కి, చిన్నమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

"అది పోయింది గాబట్టే వీడు మనిషైండు" అంది నాయనమ్మ. తాను పోయేదాకా చిన్నమ్మ చేతి మంచినీళ్లు తాగలేదు.

ఈమధ్య ఒక పెళ్లి విందు తర్వాత బాబాయి మళ్లీ తికమకపడితే హైదరాబాద్ తీసుకెళ్లాం. పుట్టుకతో వచ్చిన అరుదైన జబ్బట... పప్పు, మాంసం ఎక్కువైతే ఒంట్లో అమ్మోనియా పేరుకుని మెదడు మీద పడుతుందట. నేర్చుకున్నది నిలవదట. అత్తగారింట్లో కొత్త అల్లుడికి వేటకూరలతో చేసిన మర్యాదలు, నాయనమ్మ ప్రేమగా పెట్టిన కోడి పులుసు... ఆయనకు పడనివి అవే.

డాక్టర్ చెప్పిందంతా విని చిన్నమ్మ మెల్లగా అంది... "ఈ మాట అత్తమ్మ ఇనాల్సింది."

ఇప్పుడు రక్తం చూసి జబ్బు చెబుతున్నారు... ఆ రోజుల్లో కోడలి ముఖం చూసి చెప్పేవాళ్లు. మీ ఇళ్లల్లోనూ చేయని తప్పు మోసినవాళ్లు ఉంటే ఇక్కడ రాయండి... కానీ ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ తప్పు వాళ్లది కాదని చెప్పండి, వాళ్లు వినగలిగినప్పుడే.