రెండు సారీలు

మా జపనీస్ మేడమ్ ఇక లేరని మొన్న ఉదయం వేంపల్లె నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "అవునా" అన్నాను.

మేడమ్ తన భర్త ఉద్యోగం వల్ల చాలా ఏళ్లు జపాన్‌లో ఉన్నారు. ఆయన పోయాక కడపకు తిరిగొచ్చి, ఇంటి ముందుగదిలో మాలాంటి కొందరికి జపనీస్ నేర్పారు. ఇప్పుడు నేను అనువాదాలు చేసుకుని బతుకుతున్నానంటే ఆ గదే కారణం. ఏ మాటకైనా అర్థం అడిగితే వెంటనే చెప్పేవారు కాదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఎవరు ఎవరితో అంటాండారు? అది చెప్పు ముందు" అనేవారు.

ఒక ఎండాకాలం, జపాన్‌కు నల్లరాయి పంపే వ్యాపారి ఒకాయన ఇంగ్లిష్ జాబు పట్టుకుని, జపనీస్‌లో రాసివ్వమని వచ్చాడు. సరుకు ఓడరేవులో ఆగిపోయింది. అదే వారం అక్కడి కొనుగోలుదారు తండ్రి చనిపోయాడు. 'మీ తండ్రిగారి విషయంలో సారీ, ఆలస్యానికి సారీ' అని రాసుకొచ్చాడు. ఆ బేరం పోతే క్వారీలో పని ఆగిపోతుందని ఆయన భయం. నేను రెండు చోట్లా 'మోషివాకె అరిమసెన్' అని పెట్టాను. మేడమ్ చదివి కాగితం పక్కన పెట్టారు.

"ఇది తప్పు చేసినోళ్లు చెప్పుకునే మాట. ఆలస్యానికైతే సరిపోతాది. చావుకు గూడా ఇదే పెడితే, వాళ్ల నాయన్ని మనమే చంపినట్టుంటాది."

"రెండూ సారీనే కదా మేడమ్?" అన్నాడు వ్యాపారి.

"ఇంగ్లిష్‌లో అంతేనప్పా. ఒకటి మన తప్పుకు, ఒకటి ఆయప్ప దుఃఖానికి. రెండూ ఒకే జాబులో పోగూడదు. ఈ పొద్దు సంతాపం పోనీ. సరుకు సంగతి రేపు రాద్దాం."

"అంతలో ఆయప్ప బేరం వద్దంటే?"

"అననీ. తండ్రి పోయినోడితో ఈ పొద్దే బేరమాడతావా?"

ఆయన తల వంచుకున్నాడు. సంతాపానికి వేరే మాటతో నేను మళ్లీ రాశాను. అందులో 'పదే పదే' అన్న అర్థమొచ్చే మాట ఒకటి దొర్లితే మేడమ్ దాన్నీ కొట్టేశారు. "చావు మాటల్లో జపానోళ్లు అట్లాంటివి వాడరు. కష్టం మళ్లా రావాలన్నట్టు వినబడ్తాది" అన్నారు. మిగిలినవి మూడే వాక్యాలు.

రెండో జాబు పోయిన కొన్నాళ్లకు జవాబొచ్చింది. తండ్రి గురించి రాసినందుకు ముందుగా కృతజ్ఞతలు చెప్పి, సరుకు నిదానంగా పంపమన్నాడు. వ్యాపారి బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట తెచ్చాడు. మేడమ్ ఒక్కటి తీసుకుని, మిగతావి క్వారీలో పనిచేసేవాళ్లకు ఇమ్మన్నారు.

నిన్న కడపలో మేడమ్ ఇంటికి వెళ్లాను. చెల్లెలు మేడమ్ చీరలన్నీ మంచం మీద పోసుకుని కూర్చుని ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె నా వైపు చూసి, "ఏం చెప్పొద్దులే పాపా. ఆ కొస పట్టుకో" అంది.

పట్టుకున్నాను. నూలుచీర మా ఇద్దరి మధ్య పొడుగ్గా సాగింది. మడత పెట్టుకుంటూ ఆమె నా దగ్గరికి వచ్చింది, నేను ఆమె దగ్గరికి వెళ్లాను. చేతులు తగిలాక కూడా ఇద్దరం కాసేపు వదల్లేదు.