నాయనమ్మ కట్టిన మండె

నా చిన్నప్పుడు నన్ను సాకిన మా నాయనమ్మకూ నాకూ మధ్య చివరి మాటలు బస్సు దగ్గరే అయిపోయాయి. "మళ్ల ఎప్పుడొస్తవే?" అంది. "నాట్లప్పటికి వస్త" అన్నాను. పెళ్లయి సూరత్ వచ్చిన రోజు అది. నాట్లప్పటికి నేను పోలేకపోయాను. అవి అయ్యేలోగానే ఆమె కన్నుమూసింది.

ఈ కరోనా చలికాలంలో, సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో బట్ట నేసే సాంచాలు సగం ఆగి ఉన్నాయి, బడి మూసి ఉంది. మనవరాలికి పొద్దు పోవడం లేదు. నాకు వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నంత వరకే చదువు. నేను చెబుతుంటే అది రాస్తోంది.

ఊళ్లో మాది ఎకరంన్నర పొలం. వానాకాలం వడ్లు ఇల్లు చేరి చలి ముదిరాక, యాసంగి పంటకు నారు పోయాలి. చలికి గింజ ముడుచుకుని పడుకుంటుంది, ఊరికే మొలవదు. అందుకే మండె కట్టాలి. వడ్లు నానబెట్టి, గోనె సంచిలో పోసి, మూతి బిగించి, కొట్టంలో గడ్డి కింద కప్పి పెట్టాలి. లోపలి వేడికి గింజ ముక్కు పగిలి తెల్లని మొలక వస్తుంది. ఈ పనిలో మా నాయనమ్మ చేయి మంచిదని పేరు. "ముసలమ్మను జర పంపుండ్రి" అని వాడకట్టు వాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని మనిషికి అదొక్కటే గొప్ప.

నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మొలక ఎట్లా వస్తుందో చూడాలని, ఎవరూ లేనప్పుడు గడ్డి తీసి, మూతి విప్పి, వడ్లు కెలికాను. ఒక్కసారి కాదు, పూటకోసారి. ముడి కూడా సరిగ్గా వేయలేదు. మూడోనాడు బాపు సంచి విప్పితే గింజలు రాళ్లలా చల్లగా ఉన్నాయి. నారుమడి దున్ని తయారుగా ఉంది. ఇంట్లో వేరే విత్తనం లేదు. ఇవి మొలవకపోతే ఆ యాసంగికి మా పొలం బీడే.

"ఎవలు ఇప్పిండ్రు దీన్ని?" అన్నాడు బాపు.

నా గోళ్ల సందుల్లో తడి ఊక ఇంకా అంటుకునే ఉంది. నాయనమ్మ అది చూసింది. చూసి, నా చేతిని తన కొంగులోకి తీసుకుంది.

"నేనే ఇప్పిన కొడుకా. కండ్లు కనవడక ముడి సక్కగ పడలే."

"చాత కాకుంటే చెప్పరాదే అవ్వా. ఇగ మండె జోలికి రాకు."

బాపు అటు పోగానే నాయనమ్మ నీళ్లు గోరువెచ్చగా కాచి సంచి మీద నాతోనే చల్లించింది. గడ్డి మందంగా పరిచి, తనకున్న ఒక్క గొంగడీ సంచికి చుట్టింది. తాను కొంగు కప్పుకుని పొయ్యి దగ్గర వణికింది. చూడాలని నేను మారాం చేస్తే, "ఇప్పకు. పైనుంచి చెయ్యి పెట్టు, అదే చెప్తది" అని నా అరచేతిని గోనె మీద ఉంచింది. మొదటి రోజు ఏమీ తగలలేదు. రెండోనాడు జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లులా వెచ్చగా తగిలింది. కొన్ని గింజలు చచ్చాయి కానీ మడి నిండింది.

ముసలమ్మ మండె చెడగొట్టిందన్న మాట మాత్రం ఊళ్లో పాకింది. మరుసటి ఏడు ఆమెను మండెకు ఎవరూ పిలవలేదు. ఆమె ఒక్కనాడూ నా తప్పు ఎత్తి చూపలేదు.

మా ఆయన పోయాక చీరల గోదాములో దారాలు కత్తిరించే పనికి పోయాను. ఒకసారి కొత్తగా చేరిన పిల్ల కత్తెరతో చీర చీల్చేసింది. నా చేయే జారిందని సేఠ్‌కు చెప్పాను. ఆ పూట తిట్లు తిన్నాను, మర్నాటికి అందరూ మరిచారు. నేను పడ్డది ఒక్క పూట మాట. మా నాయనమ్మ ఇచ్చింది తన పేరు. ఎంత ఇచ్చిందో ఆ రోజు తెలిసింది నాకు.

బాపుకు నిజం చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆయనా లేడు. అందుకే రాయిస్తున్నాను. ఆ సంచి విప్పింది మా నాయనమ్మ కాదు. నేనే ఇప్పిన అని రాసినవా బిడ్డా? జర ఆ ముక్క చదివి వినిపియ్యి.