పాతర వాసన చూసే నిత్యానందం

గిద్దలూరు పక్క మా ఊళ్లో జొన్నలు నేలలో పాతర వేసేవాళ్లం. పాతర తీసే రోజున అందరూ నిత్యానందం ముక్కు కోసమే ఎదురుచూసేవాళ్లు. మూత తీసి, లోపలి చెడుగాలి పోనిచ్చి, లాంతరు దింపి, అది ఆరకపోతే అతను దిగేవాడు. పిడికెడు గింజలు నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఇవి ఇంటికి, ఇవి ఎద్దులకు, ఇవి పారబోయండి అనేవాడు. ఎవరి మాటా వినని మా నాయన వెంకటసుబ్బయ్య ఆ ముక్కు మాట మాత్రం వినేవాడు.

గోడవార చెమ్మ తగిలిన గింజలు పాతర తీసినవాడికి ఇవ్వడం మా ఊరి మర్యాద. మర్యాదట. మేం తినలేనివి వాళ్లు తినాలన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ అప్పుడు మాలో ఒక్కరికీ మండలేదు.

రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి ఏడు మా పాతరల్లోకి వాననీళ్లు దిగాయి. గోడవార గింజలను నిత్యానందం మూడుసార్లు వాసన చూశాడు. ముక్కిన వాసన లేదు, తొలకరి పుట్టగొడుగుల్లా కమ్మగా ఉన్నాయన్నాడు. కడిగి ఎండబెట్టుకోమని భార్య దీనమ్మకు పంపాడు. పాతరలన్నీ ఖాళీ అయ్యేదాకా పనివాడికి భోజనం మా ఇంట్లోనే. ఆ పది రోజులూ అతను మా అన్నం తిన్నాడు, దీనమ్మ ఆ జొన్న సంగటి తిన్నది. ఆమె కళ్లు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది. నెల తిరక్కముందే పోయింది.

ఆ ఒక్కనాడు తన ముక్కు మోసం చేసిందని అతను కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ ఒక్కనాడే అన్న మాట పట్టుకునే బతికాడు.

తొమ్మిదేళ్ల తర్వాత నేను వ్యవసాయ కాలేజీలో చదివాను. బూజు గింజలోని కొవ్వును విరగ్గొట్టి ఆ కమ్మని వాసన తయారుచేస్తుంది. పుట్టగొడుగు చేసే పనీ అదే. కొన్ని బూజులు విషం కూడా తయారుచేస్తాయి. ఆ విషానికి వాసన లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. సెలవులకు రాగానే పరుగున అతని గుడిసెకు పోయి, అది ఏ ముక్కుకూ అందేది కాదని, తప్పు అతనిది కాదని చెప్పాను.

వాసనే ఉండదా అని అతను అడిగాడు. ఉండదన్నాను.

"అట్లయితే నాయనా, నలభై ఏండ్లు నేను చూసిందేంది? తినండి, ఏం కాదు అని ఎంతమందికి చెప్పినాను!"

గోవిందయ్య కోడలు చనిపోయిన ఏడు వాళ్ల పాతర తానే చూశానన్నాడు. సుబ్బులమ్మ బిడ్డలిద్దరూ పోయిన ఏడూ తానేనన్నాడు. ఇల్లిల్లూ పేరు పెట్టి చెప్పుకుపోయాడు. వాళ్లు వేరే జబ్బులతో పోయారన్నాను. అతను వినలేదు.