ఊలుదారం పాఠం

చప్పట్లు వింటే నాకు ఒళ్లు మండడం పోయిన ఏడాది మొదలైంది.

ఢిల్లీలో ఒక కాలేజీలో సోషల్ వర్క్ విద్యార్థులకు సంక్లిష్టతా సిద్ధాంతం చెబుతాను. ఎక్కడో జరిగిన చిన్న మార్పు ఇంకెవరి బతుకునో తలకిందులు చేస్తుందన్నది దాని సారం. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, అందరి చేతులకూ ఒకే ఊలుదారం ఇచ్చి, ఒక కొస లాగితే అందరి చేతులూ కదలడం చూపిస్తాను.

ఆ రోజు తనిఖీకి వచ్చిన నిపుణుడొకాయన, "మీ జీవితంలోంచి ఉదాహరణ చెప్పండి" అని పిల్లల్ని అడిగారు. వరంగల్ అమ్మాయి స్వప్న దారం పట్టుకునే లేచింది. ఢిల్లీ పక్కనే వైశాలిలో అక్క దగ్గర ఉంటోందట. అక్క పాపను పగలంతా చూసుకునే క్రెష్ మూతపడితే, ఉద్యోగానికి వెళ్లే అక్క కోసం క్లాసులు మాని పాపను తనే చూసుకుందట. అటెండెన్స్ తగ్గిందని ఇప్పుడు పరీక్ష రాయనివ్వడం లేదట. చెబుతూనే ఏడ్చేసింది.

"వాహ్! థియరీని ఎంత బాగా పట్టుకుంది!" అంటూ ఆయన చప్పట్లు కొట్టారు. ఆయన పక్కనే ఉన్న మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఇంకా గట్టిగా కొట్టారు.

వాళ్లు వెళ్లాక హెడ్‌ని అడిగాను, "సార్, మరి ఆ అమ్మాయి పరీక్ష?"

"అరే మేడమ్, దానికీ దీనికీ ఏం సంబంధం?"

క్లాసులోకి వస్తే స్వప్న ఒక్కతే ఊలును ఉండగా చుడుతోంది. చుట్టడం అయ్యాక నా చేతిలో పెట్టింది.

"పైలంగ పెట్టుండ్రి మేడమ్. వచ్చే ఏడు గూడ నేనే పట్టుకోవాలె గద."