వంటింట్లో నా గొంతు

మేం వైర్‌లెస్ స్పీకరు కొన్నది పాటలు వినడానికి కాదు, నేను ఇంట్లోంచి బయటపడడానికి. ఈ సంగతి మా ఆయనకు ఈ రోజు వరకూ చెప్పలేదు. ఇది చదివితే చదవనీ, ఇప్పుడు నన్నేం చేస్తాడు?

ఆయనకు పాటల పిచ్చి. రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్ కొని, ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎంపీత్రీల్లోకి ఎక్కించాడు. మూడేళ్ల ఆదివారాలు దానికే హారతి కర్పూరం. పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు పోతే మళ్లీ రాత్రి ఏడింటికే రావడం. ఆ పది గంటలూ అనంతపురంలో మా మూడు గదుల ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్తా.

అత్తకు చక్కెర జబ్బు. అది మొదట కళ్ల చూపును తీసుకుపోయింది, తర్వాత కాళ్లను మంచానికి కట్టేసింది. మంచం వీధి వైపు పడసాలలో ఉండేది. నేను కంటికి కనబడను కాబట్టి చెవికి వినబడాలి. ఐదు నిమిషాలు చప్పుడు లేకపోతే చాలు, "ఏమ్మే, యాడుండావు?" అని కేక.

"ఈడనే ఉండా అత్తా."

అంట్ల దగ్గర ఉన్నా అదే కేక, స్నానాల గదిలో ఉన్నా అదే కేక. ఒకరోజు విసుగొచ్చి పలకలేదు. మంచం పట్టె మీద చేత్తో దబదబా కొట్టింది. పరుగెత్తుకుంటూ పోతే ఆమె ముఖమంతా చెమట. "పలికేదానికి బద్దకమైతే పాడు. పాడతాంటే నువ్వుండావని నాకు తెలుస్తాది" అంది. అప్పటినుంచి పాడడమే. అన్నం వారుస్తూ పాట, బట్టలు ఉతుకుతూ పాట. గొంతు నాది, తాడు ఆమె చేతిలో.

పాటలు నాకు కొత్త కాదు, ఆమెకూ కొత్త కాదు. కంబదూరు దగ్గర పల్లెలో అత్తవాళ్లకు వేరుశనగ చేలు ఉండేవి. ఏరువాక ముందు విత్తనం కాయలు ఒలవడానికి ముప్పై మంది ఆడవాళ్లు ఆ పల్లె ఇంటి పడసాలలో కూర్చునేవారు. ఒలిచినంతసేపూ పాడాలని మా అత్త కట్టడి. పాటంటే ప్రేమ ఉండి కాదు, పాడే నోరు గింజలు తినలేదని. గడప మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేది. ముప్పై గొంతుల్లో ఒక్కటి ఆగినా ఎవరిదో చెప్పేది. "నోరు తెరు" అనేది. ఆ చెవి అటువంటిది.

పెళ్లైన మొదటి ఏడు నన్నూ ఆ వరుసలో కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఆకలి. చరణానికీ చరణానికీ మధ్య రెండు గింజలు నోట్లో వేసుకున్నాను. రెండంటే రెండే. "కొత్త కోడలా, నోరు తెరు" అంది. ముప్పై మంది ముందర తెరిచాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మరచిపోయేదాన్నేమో.

సరే, స్పీకరు సంగతి. ఆయన పాటలన్నీ కంప్యూటర్‌లో చేరాక, వాటికి తగ్గ స్పీకర్లు కావాలన్నాడు. ఐదు డబ్బాల హోమ్ థియేటర్ మీద పడింది కన్ను. అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. అత్తకు కావలసింది నేను కాదు, నా గొంతు కదా! అది వంటింట్లో ఉంటే నేను ఎక్కడుంటే ఏమి? పెరటి తలుపు వంటింట్లోనే ఉంది.

కానీ కంప్యూటర్ ఉన్నది నడిమి గదిలో. గొంతు అక్కడినుంచి వస్తే, "ఆ గదిలో ఏం జేస్తాండావు?" అని అడగక మానదు. వంటింటి దాకా వైరు లాగితే వచ్చినవాళ్లంతా దాని గురించి అడుగుతారు. కాబట్టి వైరు లేనిది కావాలి. "పడసాలలో అమ్మ పండుకోనుంటే ఐదు డబ్బాలు మోగిస్తావా?" అని ఒక్క మాట వేశాను. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని స్పీకర్ల అంగడికి తీసుకుపోయాడు.

అంగడాయన మాత్రం ఐదు డబ్బాల దగ్గరే నిలబడిపోయాడు. "అక్కా, ఇది పెట్టుకుంటే సినిమా హాల్లో కూచున్నట్టే."

"నాకు సినిమా హాలు యాలప్పా? వంటింట్లో ఒకటి పలికితే చాలు. వైరు ఉండకూడదు."

"అట్లాంటివి బెంగుళూరు నుంచి తెప్పియ్యాలక్కా."

"తెప్పియ్యి."

పది రోజుల తర్వాత రెండు రకాలు తెప్పించాడు. చిన్న డబ్బా ఒకటి కంప్యూటర్‌కు తగిలించాలి, స్పీకరు మరో గదిలో పెట్టుకోవచ్చు. మొదటి రకం చెవిలో తుమ్మెద దూరినట్టు గుయ్యిమంది. పైగా పాట మధ్యలో ఏదో రేడియో స్టేషన్ దూరి వార్తలు చదివింది. నా గొంతు మధ్యలో వార్తలు వస్తే అత్త ఊరుకుంటుందా? రెండోదాన్ని వెనక గోడౌన్‌లో పెట్టమన్నాను. "వాయిద్యాలు లేకుండా ఆడమనిషి ఒక్కతే పాడింది పెట్టప్పా" అని, కౌంటరు దగ్గర గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

"బేస్ ఎట్లుండాదక్కా?"

"తగ్గించు. ఇంగా తగ్గించు. లోపల మనిషి ఉన్నట్టుండాల."

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "స్పీకరంటే గోడలు అదరాల. ఇదేందే, గొణుగుతాండాది?"

"గొణిగేదే నాకు కావల్సింది" అన్నాను. మూట కట్టేటప్పుడు చూస్తే దానికి వెనక వైరు వేలాడుతోంది. "వైరు లేదంటివే, ఇదేంది?" అంటే అంగడాయన నవ్వాడు. "పాటకు వైరు లేదక్కా. కరెంటుకు ఉండాల కదా?"

ఆ మాట అక్కడే వదిలేశాను, మూర్ఖురాలిని.

ఆయన అత్తను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు నా పని కానిచ్చాను. కంప్యూటర్ మైకు ముందు కూర్చుని ఒలుపు పాటలు గంటసేపు పాడాను. నిజంగా ఉండాలని మధ్యలో ఒకసారి దగ్గాను, ఒక గిన్నె కింద పడేశాను. మొగుడి పాటల ఫోల్డర్ల మధ్య దాన్ని దాచి, 'వంటలు' అని పేరు పెట్టాను. ఆ పేరున్న దాని జోలికి ఆయన చచ్చినా రాడు.

ఇక మొదటి రోజు వచ్చింది. పదకొండుకు అత్తకు సంగటి తినిపించి, నీళ్లు చేతికందేలా పెట్టాను. ఆ వేళకు ఆమెకు కునుకు పడుతుంది. పాట పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి తలుపులోంచి జారుకున్నాను. సిటీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎక్కడికీ పోలేదు, ఆఖరు స్టాపు దాకా పోయి అదే బస్సులో వెనక్కి. యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఎవరూ నన్ను యాడుండావని అడగలేదు. ఎంత హాయి! ఏడుపొచ్చింది కూడా, ఎందుకో తెలియదు.

తిరిగి వస్తే ఇంట్లో నేను పాడుతూనే ఉన్నాను. అత్త నిద్రపోతోంది. ఆ వేసవంతా వారానికి మూడు రోజులు పోయాను. పాపభయం లేదని అనను. బస్సు దిగిన ప్రతిసారీ ఇదే ఆఖరనుకునేదాన్ని, అయినా పోయాను.

కరెంటు కోత పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఉండేది. ఆ లెక్క చూసుకునే పదకొండు పెట్టుకున్నాను. వేళ మార్చారని పేపర్లో వేశారట, నేను చూడలేదు. ఒకరోజు తిరుగు బస్సు అంగళ్ల వీధిలో ఆగి ఉంది. ఒక అంగడి ముందర జనరేటర్ దుడదుడమంది, పక్క అంగట్లో ఇంకొకటి. వీధంతా ఒక్కొక్కటే మొదలయ్యాయి. కరెంటు పోయిందని అప్పుడు అర్థమైంది. వంటింట్లో నా గొంతు ఆగిపోయింది.

ముందర ఎద్దులబండి అడ్డం, దాని ముందర లారీ. దిగి పరుగెత్తాను. ఆమె పట్టె మీద కొడుతూ ఉంటుంది, కొట్టీ కొట్టీ మంచం మీద నుంచి పడితే ఎముక విరుగుతుంది, మొగుడికి ఏం చెప్పాలి? దారి పొడవునా ఇదే. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ నన్నే చూస్తున్నట్టు ఉంది.

పెరటి తలుపు తోసి వంటింట్లో అడుగు పెట్టాను. పడసాలలో మాటలు. పక్కింటామె వచ్చి కూర్చుంది.

"ఏమత్తా, నీ కోడలు పాట ఆపేసిందే? యాడికన్నా పాయనా?"

తలుపు చాటున చెవి ఒగ్గాను.

"యాడికి పోతాది? వంటింట్లోనే ఉండాది" అంది అత్త. "నోట్లో గింజేసుకునింది."

"పిలుద్దునా?"

"పిలవద్దులేమ్మా. తిననీ. నేను శానామంది నోళ్లు తెరిపిచ్చినా."

చెప్పులు చేతిలోనే ఉన్నాయి. గోడకు ఆనుకుని కూలబడ్డాను. ముప్పై గొంతుల్లో ఒకటి ఆగితే పట్టుకున్న చెవి అది. రోజూ అదే చరణంలో అదే దగ్గు, అదే గిన్నె. మొదటి రోజే పట్టేసి ఉంటుంది. వేసవంతా నిద్ర నటించి నన్ను పోనిచ్చింది, చీకట్లో ఒక్కతే పడుకుని.

పక్కింటామె పోయాక కేక వచ్చింది. "ఏమ్మే, యాడుండావు?"

"ఈడనే ఉండా అత్తా" అన్నాను.

ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు కరెంటు వచ్చాక ఆమే పిలిచింది. "పొద్దు పోతాండాది. నీ పాట పెట్టుకోవేమ్మే."

పెట్టుకోమంది, పాడమనలేదు. పెట్టాను. చెప్పులు చేతికి తీసుకుని పెరటి తలుపు తెరిచాను. దొంగచాటుగా దాటిన గడప, పొమ్మన్నాక దాటలేకపోయాను. తలుపు వేసి స్పీకరు పక్కనే కూర్చున్నాను. అది నా గొంతుతో ఒలుపు పాట పాడుతోంది. అలమరలోని డబ్బాలోంచి పిడికెడు వేరుశనగ గింజలు తీసుకుని నోట్లో పోసుకున్నాను. మెల్లగా నమిలాను. ఎంత మెల్లగా నమిలినా పడసాలలో ఆమెకు వినబడుతుందని నాకు తెలుసు.