కంకర నేల మీద గంగపాయలాకు

మా పక్కింటి రాబ్ కలుపుమందు డబ్బా భుజాన తగిలించుకుని తన వాకిలంతా కొట్టేసి, ఇంకా మిగిలింది కదాని మా డ్రైవ్‌వే పగుళ్ళ మీదికి వంగాడు. ఆ ఘాటు వాసన వంటింట్లోకి రాగానే పరిగెత్తుకుంటూ బయటికొచ్చి, "నో రాబ్, లీవ్ ఇట్!" అని అరిచాను. వెనకాలే మా అమ్మాయి వచ్చి, "సారీ రాబ్, మమ్ ఈజ్ లైక్ దట్" అంది. సరిగ్గా ఆ సారీయే పదేళ్ళ వయసులో నేనూ అన్నాను, ఇంతే తొందరగా.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులవి. మేముండే క్రాన్‌బర్న్ ఊరి చుట్టూ ఇళ్ళకన్నా గుర్రాలు మేసే బీళ్ళే ఎక్కువ. డిసెంబరంటే మాడ్చేసే ఎండలు, చర్చి నుంచి వచ్చేసరికి వీపుకు అతుక్కుపోయే కొత్త గౌను, ఫ్రిజ్‌లో పుచ్చకాయ ముక్కలు, చుట్టలు చుట్టలుగా రాలి కాలికింద పటపటలాడే యూకలిప్టస్ బెరడు. ఆ క్రిస్మస్‌కు తెనాలి నుంచి నాయనమ్మ వచ్చింది. ఆమె తెచ్చిన ఎండు గోంగూర, తోటకూర విత్తనాలు ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుని అరిసెలు మాత్రం వదిలారు. "ఆకు తిననీరు, విత్తు ఎయ్యనీరు, ఇదేం దేశమే!" అని నెలరోజులు సణిగింది. అమ్మ సూపర్‌మార్కెట్ ఆకుతో పప్పు చేస్తే, "గడ్డికైనా ఇంతకన్నా రుచుంటది" అని పళ్ళెం వారకు నెట్టేసేది.

బడులు తెరిచాక ఒక శనివారం మా బడివాళ్ళు పిల్లల్నీ ఇంటివాళ్ళనీ కలిపి, దగ్గర్లో ప్రభుత్వం కాపాడుతున్న అడవిలోకి నడకకు తీసుకెళ్ళారు. అమ్మానాన్నలకు షిఫ్టులు, అందుకని నాయనమ్మ బయల్దేరింది: నేత చీర, నాన్న క్రికెట్ టోపీ, రబ్బరు చెప్పులు, చంకలో ఐస్‌క్రీం డబ్బా నిండా పులిహోర. ఆ డబ్బా ఎవరి కంటా పడకూడదని దారిపొడుగునా ప్రార్థన చేసుకున్నాను. అందరిలో కలిసిపోవాలని చచ్చేంత కోరిక నాకు.

దారి చూపించే గ్లెన్ మోకాళ్ళ దాకా మేజోళ్ళేసుకున్న పెద్దమనిషి. ఇక్కడి ఆకు తుంచొద్దు, ఏదీ బయటికి తీసుకుపోవద్దు అన్నాడు. బయటి దేశాల కలుపు చేరితే మందు కొట్టకుండా ప్రతివారం చేత్తోనే పీకి పారేస్తామనీ చెప్పాడు. అదంతా నాయనమ్మకు తెలుగులో చెప్పాను. రెండు గంటల నడకలో, కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, యూకలిప్టస్ జిగురు వాసన ఆవిరిలా లేస్తుంటే, ఆవిడ ఒక్క పుల్ల ముట్టుకోలేదు. నేను కిందపడ్డ కాయొకటి తీయబోతే, "ఆయన వద్దన్నాడు గదే" అని చేతిమీద ఒక్కటిచ్చింది.

తిరిగి కార్లు ఆపిన కంకర నేల మీదికి వచ్చాం.

"ఓసి నా తల్లో, గంగపాయలాకు!"

నాయనమ్మ గొంతుక్కూర్చుంది. ఎర్రటి కాడ తుంచి, పాలు కారితే తినే ఆకు కాదు గనక, కారలేదని చూసుకుని, చకచకా కోసి కొంగులో వేసుకుంది. గ్లెన్ వచ్చి, ఏదీ బయటికి పోకూడదని మర్యాదగానే చెప్పాడు.

"ఆయనే గదా బయటి దేశాల మొక్క కలుపన్నది? ఎట్టాగూ పీకి పారేసేదేగా. నేను పీకితే తప్పొచ్చిందా? అడుగు."

నా క్లాసు జూలీ చూస్తోంది, వాళ్ళమ్మ చూస్తోంది. నేను అడగలేదు. "సారీ, షీ డజన్ట్ నో" అన్నాను.

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. సారీ తెలియనివాళ్ళు మాత్రం ఎవరు?

"సారీ ఎందుకన్నావే? నేనేమన్నా దొంగతనం చేశానా? అడగమన్నది అడుగు. అందాకా కదల్ను."

అడిగాను. గ్లెన్ మెడ ఎర్రబడింది. నిజమే, కలుపే, కానీ రూలు రూలే అన్నాడు. అది నేను తెలుగులో చెప్తే విని నాయనమ్మ తల ఊపింది. కొంగులోదంతా కుప్పగా కింద పోసి, ఒక్క కొమ్మ ఉంచుకుని, నా సీసాలో నీళ్ళతో కడిగి, ఆయన మొహంలోకి చూస్తూ సగం నోట్లో పెట్టుకుంది.

"కడుపులో ఏసుకుపోతే ఏం జేస్తాడంట?"

మిగతా సగం నా ముందుకు చాపింది. "యక్!" అంది జూలీ. ఒక్క క్షణం ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తీసుకుని నమిలాను. పుల్లగా, ఉప్పుప్పగా, పంటికింద ఇసుకతో. నా జన్మలో అంత పొగరుగా ఏదీ తినలేదు. జూలీ ఏడాదంతా నన్ను ఆవు అని పిలిచింది. పిలవనీ!

నాయనమ్మ చలికాలం రాకముందే వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు, ఇప్పుడు లేదు. ఆ కంకర మీద తారు పోశారు, బీళ్ళన్నీ ఇళ్ళయిపోయాయి. ఆ రూలు తప్పని నేను ఇప్పటికీ అనను. తప్పల్లా నా సారీయే.

రాబ్ మందు ఇంకా పడని మా డ్రైవ్‌వే పగుల్లోంచి ఎర్రకాడ తుంచాను. పాలు కారలేదు. కుళాయి కింద కడిగి సగం నోట్లో వేసుకుని, మిగతా సగం మా అమ్మాయి ముందుకు చాపాను. అది రాబ్ వంక చూసి, నా వంక చూసి, చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.

"ముందు ఆ సారీ వెనక్కి తీసుకో" అన్నాను.