వంతుకు వంతు

కోదాడ కళ్యాణికి మాట పొదుపు. దాని నోట్లోంచి మాట రావాలంటే ఉపవాస ప్రార్థన పెట్టించాలని తల్లి సుగుణమ్మ దెప్పేది. ఆ పొదుపే ఒక రైతును వానలో నిలబెడుతుందని ఇద్దరికీ తెలియదు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర కళ్యాణి చాలా ఏళ్ళు రైతులకు టోకెన్లిచ్చింది. టోకెన్ ఉంటేనే పచ్చి వడ్ల ట్రాక్టరు లోపలికి పోతుంది. అందుకే రైతులు టోకెన్ చేతికొచ్చాకే కోత మిషన్‌ను పొలంలోకి దింపుతారు. ఇప్పుడామె సూర్యాపేటలో సునీల్ ఆఫీసులో పనిచేస్తోంది. మిల్లుల టోకెన్ల సాఫ్ట్‌వేర్ సునీల్‌దే. ఈ సీజన్‌కు అందులో ఏఐ ఏజెంటును పెట్టాడు. రైతు ఫోన్ చేస్తే అదే మాట్లాడుతుంది, అదే పని చేసి పెడుతుంది. దాని పనిముట్లే టూల్స్: టోకెన్ ఇవ్వడానికో టూల్, రద్దు చేయడానికో టూల్, ఇంకొకరి పేరు మీదికి మార్చడానికో టూల్. ఏ టూల్ ఏం చేస్తుందో దాని కింద నాలుగు మాటలు రాసి ఉండాలి. ఏజెంటు ఆ మాటలు చదివే ఏది వాడాలో తేల్చుకుంటుంది. ఆ మాటలు రాసేది కళ్యాణి.

బదిలీ టూల్ కింద ఆమె ఒక్కటే వాక్యం రాసింది: 'టోకెన్‌ను ఇంకొకరి పేరు మీదికి మారుస్తుంది.' ముంజేతి కంకణానికి అద్దమెందుకనుకుంది.

హుజూర్‌నగర్ దగ్గరి రైతు ఐలన్నకు సోమవారానికి టోకెన్ వచ్చింది, గెట్టు పక్క పొలం లక్ష్మీనర్సమ్మకు మంగళవారానికి. కోత మిషన్ ముందు ఆమె పొలంలో దిగింది. మిషన్ ఎవరి పొలంలో ముందు దిగితే ముందు రోజు వంతు వాళ్ళది, రెండోవాళ్ళు బదులుగా మరునాటి వంతు తీసుకుంటారు. ఆ ఊళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. ఐలన్న ఏజెంటుకు ఫోన్ చేసి, నా వంతు లక్ష్మీనర్సమ్మకు ఇయ్యమన్నాడు. ఆమెది తనకు రావాలని చెప్పలేదు. చెప్పాల్సిన మాటని ఎవరనుకుంటారు? ఏజెంటు ఇచ్చేసి ఊరుకుంది.

మంగళవారం ఐలన్న వడ్లతో మిల్లుకు పోతే, నీ పేరు మీద టోకెన్ లేదన్నారు. లక్ష్మీనర్సమ్మను వెతికి పిలిపించేసరికి ఆ రోజుకు మిల్లులో వడ్లు దించుకోవడం అయిపోయింది. రాత్రి వాన పడింది. టార్పాలిన్ పట్టా కప్పినా కింది నుంచి నీళ్ళు చేరి రెండు మూడు రోజుల్లో వడ్లు మొలకెత్తాయి. ఇంకా సగం పొలం కోతకుంది.

సంగతి తెలిసి కళ్యాణి అన్నం ముట్టలేదు. సునీల్ మాత్రం బదిలీ టూల్ తీసేద్దామన్నాడు, గొడవ వదులుతుందని. మామూలుగా అయితే ఆమె తలూపి ఊరుకునేది.

"తీసేస్తే వాళ్ళు మళ్ళ గేటు కాడ పడిగాపులు పడాలె సార్. తప్పు టూల్‌ది కాదు, నా రాతది. ఐలన్న మిగిలిన సగం కోసేలోపు నేను సరిచేస్త," అంది.

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాయాలని కూర్చుంది. ఈ టూల్ ఇస్తుందే గానీ తిరిగి తీసుకోదని రాసింది. వంతు ఇస్తానన్న రైతు సాధారణంగా ఎదుటివాళ్ళ వంతు కోరుతున్నట్టే, ఆ మాట అడిగి తేల్చుకోమని రాసింది. మార్పిడి అయితే రెండు టోకెన్లూ మారాలి, రెండో మనిషి ఒప్పుకునేదాకా ఏదీ కదిలించొద్దని రాసింది. తానే రైతులా ఫోన్ చేసి సగం సగం మాటలతో ఏజెంటును తికమక పెట్టి చూసింది. అది బోల్తా పడ్డ ప్రతిసారీ రాత దిద్దింది. అంత పొడుగు రాతేమిటని సునీల్ నవ్వితే, ఆమె ఇంకో వాక్యం చేర్చింది: 'పని అయ్యాక, ఎవరి చేతిలో ఏ వంతు ఉందో ఫోన్ చేసిన రైతుకు చెప్పాలి. పని కాకపోయినా చెప్పాలి.'

తరువాతి వారం మళ్ళీ అలాగే వచ్చింది. ఐలన్న వంతు ఆ రోజే, లక్ష్మీనర్సమ్మది మరునాడు. కోత మిషన్ ముందు ఆమె పొలం వైపే వస్తుందన్నారు. ఐలన్న ఏజెంటుకు ఫోన్ చేశాడు, కాసేపటికి మండిపడుతూ కళ్యాణికి చేశాడు.

"ఏంది బిడ్డా, ఫోన్ల మాట్లాడే నీ మిషిన్ నా మాట ఇంటలేదు. లక్ష్మీనర్సమ్మ ఫోన్ ఎత్తుతలేదంట, ఆమె సరే అనేదాంక నా వంతు ఇయ్యదంట. నా వంతు నేనిచ్చుకుంటే దానికేం నొప్పి?"

కళ్యాణి తగ్గలేదు.

"ఇయ్యనియ్యను కాకా. కిందటిసారి అడగకుంట ఇచ్చింది, నీ వడ్లు మునిగినయి. ఇప్పుడు అడుగుమని నేనే రాసిన. కోపం రానీ, నన్ను తిట్టు. ఆమె ఒప్పుకునేదాంక వంతు కదలదు."



"అయితే నా వంతు నా దగ్గర్నే ఉందా?"

"నీ దగ్గర్నే ఉంది."

ఐలన్న ఫోన్ పెట్టకుండానే గట్టు మీది నుంచి కేకేశాడు, కోత మిషన్‌ను ముందు తన పొలానికే తిప్పమని. ఆ రోజు పొద్దుగూకేలోపు మిగిలిన సగం పొలం వడ్లు మిల్లు గేటు దాటాయి.